శ్రీకృష్ణ జన్మస్థానంలో చంటిపిల్లలు

ఎవరైనా జైలుకెళ్తే మనవాళ్లు 'శ్రీకృష్ణ జన్మస్థానం చూసొచ్చాడు' అని నవ్వుకుంటారు. మాట పాతదే గానీ అందులో ఒక సంగతి ఎవరూ పట్టించుకోరు. కృష్ణుడు ఆ జన్మస్థానంలో ఒక్క రాత్రి కూడా పూర్తిగా లేడు. సంకెళ్లు ఊడి, తలుపులు తెరుచుకుని, తెల్లారేలోగా రేపల్లె చేరిపోయాడు. లోపల మిగిలింది దేవకి. బిడ్డ బతకాలంటే తల్లికి దూరం చెయ్యాలి అన్నది ఆ కథ చూపిన దారి, అవతల ఒడ్డున యశోద ఉంది కాబట్టి ఆ దారి పనికొచ్చింది. ఇవాళ మన జైళ్లలో చంటిపిల్లలతో ఉన్న ఆడవాళ్లలో చాలామందికి అవతల ఒడ్డున ఎవరూ లేరు.

జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క ప్రకారం 2022 డిసెంబరు 31 నాటికి దేశంలోని జైళ్లలో 1,537 మంది తల్లులు 1,764 మంది పిల్లలతో ఉన్నారు. ఆ తల్లుల్లో 1,312 మంది విచారణ ఖైదీలు, వాళ్ల దగ్గరున్న పిల్లలు 1,479 మంది. అంటే జైల్లో ఉన్న ప్రతి ఆరుగురు పిల్లల్లో ఐదుగురి తల్లి మీద నేరం ఇంకా రుజువే కాలేదు. జైల్లో తల్లులకు సాయం చెయ్యడం న్యాయమా కాదా అనే వాదన ఎక్కడ మొదలుపెట్టినా ఈ అంకె పక్కన పెట్టుకునే మొదలుపెట్టాలి, ఎందుకంటే మనం 'నేరస్తురాలు' అని మాట్లాడుతున్నామె చాలాసార్లు బెయిల్ దొరకని ఒక ముద్దాయి మాత్రమే.

ముందు ఆ పాత ప్రశ్న. తప్పు చేసి లోపలికెళ్లినామెకు పాలూ గుడ్లూ ఊయలా ఏంటి, బయట కూలికెళ్లే తల్లికి ఇవన్నీ ఎవరిస్తున్నారు? ఈ మాట మనసు లేనివాళ్లే అంటారని అనుకోనక్కర్లేదు, గవర్నమెంట్ ఆసుపత్రి వరండాలో కింద చాప మీద పడుకున్న బాలింతను చూసొచ్చినవాళ్లూ అంటారు. వాళ్ల బాధ నిజమే, లెక్కే తప్పు. బయటున్న తల్లి ఎంత పేదదైనా పక్కింటికెళ్లి గ్లాసు పాలు అడగొచ్చు, అర్ధరాత్రి బిడ్డ ఒళ్లు కాలిపోతుంటే భుజాన వేసుకుని ఆటో ఎక్కొచ్చు, డాక్టరు నచ్చకపోతే ఇంకో డాక్టరు దగ్గరికి పోవచ్చు. లోపలున్నామె చేతిలో ఇందులో ఒక్కటీ లేదు. సాయంత్రం బ్యారక్‌కు తాళం పడ్డాక బిడ్డకు ఫిట్స్ వచ్చినా సరే, ఆ తాళం తియ్యాల్సింది వార్డరే. చేతులు కట్టేసినవాళ్లే ఆ చేతులు చెయ్యాల్సిన పని చెయ్యాలి కదా. దీన్ని దయ అనడం పొరపాటు, ఇది బాకీ.

ఇంకొందరు కాస్త మెత్తగా అంటారు, బిడ్డకు ఏం కావాలన్నా ఇద్దాం, తల్లికి మాత్రం శిక్ష శిక్షే అని. వినడానికి బాగానే ఉంటుంది. మన ఇళ్లలో పురుడొచ్చిన ఇంటికి వెళ్లి చూస్తే ఇది ఎంత అర్థం లేని మాటో తెలుస్తుంది. బాలింతకు పత్యం ఎందుకు పెడతారు, నలభై రోజులు చలిగాలి తగలకుండా ఎందుకు చూస్తారు, అమ్మమ్మ రాత్రి బిడ్డను తీసుకుని 'నువ్వు కాసేపు పడుకో' అని ఎందుకంటుంది? మొదటి ఆరు నెలలు బిడ్డ తిండి అంటే తల్లి తిండే. ఆమె నిద్ర, ఆమె మనసు, ఆమె భయం అన్నీ పాలతో పాటు బిడ్డకు చేరేవే. పురుడు తర్వాత కొందరు ఆడవాళ్లకు వచ్చే డిప్రెషన్ బయట ఇళ్లలోనే కనిపెట్టడం కష్టం, మూసిన బ్యారక్‌లో అది 'పొగరు' అనో 'బిడ్డను సరిగా చూడదు' అనో రిపోర్టులోకి ఎక్కే ప్రమాదముంది. పాలిచ్చే తల్లికి వేసే శిక్ష ఆమె దగ్గరికి చేరాలంటే బిడ్డ మీద నుంచే పోవాలి, వేరే దారి లేదు.

చట్టం ఈ విషయాన్ని ఒప్పుకుని ఇప్పటికే చాలా ఏళ్లయింది, అది కూడా మన రాష్ట్రం పేరున్న కేసులో. 1994లో సుప్రీంకోర్టులో దాఖలై 2006 ఏప్రిల్‌లో తీర్పు వచ్చిన 'ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్' ఇవాళ్టికీ ఈ విషయంలో దేశం మొత్తానికి ఆధారం. తల్లితో జైల్లో ఉన్న బిడ్డను విచారణ ఖైదీలాగానో శిక్షపడిన ఖైదీలాగానో చూడకూడదు, తిండి, బట్ట, వైద్యం, చదువు, ఆట అన్నీ ఆ బిడ్డకు హక్కు అంది కోర్టు. గర్భిణిని ఒక జైలుకు పంపే ముందు అక్కడ పురుడు పొయ్యడానికి కనీస వసతులు ఉన్నాయో లేదో చూసుకోవాలంది. మూడేళ్లలోపు పిల్లలకు క్రెష్ (పసివాళ్లను పగటిపూట చూసుకునే చోటు), మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకు నర్సరీ ఉండాలి, అవి వీలైతే జైలు గోడకు బయటే ఉండాలి అంది. ఆరేళ్లు నిండేదాకా బిడ్డ తల్లి దగ్గర ఉండొచ్చు. బారసాలకు వీలు కల్పించమని కూడా చెప్పింది. ఇక అన్నిటికంటే చిన్నదిగా కనిపించే, అన్నిటికంటే ఎక్కువ కాలం నిలిచే సూచన ఏంటంటే జైల్లో పుట్టిన బిడ్డ జనన ధ్రువపత్రంలో పుట్టిన చోటు 'జైలు' అని రాయకూడదు, ఆ ప్రాంతం చిరునామా మాత్రమే రాయాలి. కృష్ణుడికైతే జన్మస్థానం బిరుదైంది, బడిలో చేరబోయే పిల్లకు మాత్రం అది జీవితాంతం తుడవలేని మరక అని న్యాయమూర్తులకు తెలుసు.

ఆ తీర్పులోనే జైళ్లలోని పిల్లల మీద జరిగిన ఒక అధ్యయనాన్ని ప్రస్తావించారు. రోడ్డు మీద పశువుల్ని చూసి ఈ పిల్లలు భయపడిపోతారట, ఎప్పుడూ చూడలేదు కాబట్టి. ఇల్లు అంటే ఏంటో తెలియదు. ఆడవాళ్ల బ్యారక్‌లో ఆడవాళ్ల మధ్యే పెరిగిన మగపిల్లలు ఒక్కోసారి ఆడవాళ్లలా మాట్లాడతారు, అంటే హిందీలో 'మై జాతా హూఁ' అనాల్సిన చోట 'మై జాతీ హూఁ' అన్నట్టు. ఇక్కడ ఒక చిన్న విషయం. తెలుగులో 'నేను వెళ్తాను' అనే మాటకు ఆడా మగా తేడా లేదు, కాబట్టి మన జైల్లో పెరిగే పిల్లాడి మాటలో అది ఎవరికీ పట్టుబడదు. పట్టుబడలేదు కదా అని వాడి లోకం విశాలంగా ఉందని అనుకోవడానికి లేదు.

ఆరేళ్లు అనే గీత దగ్గర కూడా ఆగి ఆలోచించాలి. ఇంగ్లండులో తల్లీబిడ్డల యూనిట్లలో బిడ్డను మామూలుగా ఏడాదిన్నర దాకా ఉంచుతారు, స్పెయిన్‌లో మూడేళ్ల దాకా. మనది ఆరు. పైకి ఇది ఉదారంగా ఉన్నట్టుంటుంది, కానీ ఇందులో ఉదారత ఎంతో, బయట బిడ్డను అప్పగించడానికి నమ్మకమైన చోటు లేకపోవడం ఎంతో విడదీసి చూడటం కష్టం. నాలుగు నెలల పాపకు గోడతో పనిలేదు, ఆమె లోకం తల్లి ఒడి వరకే, అక్కణ్ణుంచి పీకడమే ఆమెకు పెద్ద శిక్ష. నాలుగేళ్ల పిల్లాడి సంగతి వేరు. వాడికి వీధి కావాలి, కుక్కపిల్ల కావాలి, గొడవపడటానికి తోటి పిల్లలు కావాలి, చందమామ కావాలి, తాళం పడే వేళకి చందమామ ఇంకా రాడు. పుట్టిన రోజు నుంచి ఆరో పుట్టినరోజు దాకా ఒకే రూలు పెట్టి 'తల్లితోనే ఉన్నాడుగా' అనుకోవడం సోమరితనం. మూడేళ్లు దాటిన పిల్లలు రోజూ పొద్దున గేటు దాటి మామూలు అంగన్‌వాడీకి వెళ్లి, మధ్యాహ్నానికి తల్లి దగ్గరికి తిరిగి రావడం చేయరాని పనేం కాదు, ఒక బండి, ఒక ఆయమ్మ, బాధ్యత తీసుకునే ఒక అధికారి ఉంటే చాలు. కోర్టు 'వీలైతే బయట' అన్నదాంట్లో 'వీలైతే' అన్న మాటే ఎక్కువ చోట్ల మిగిలిపోతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. లోపల వసతులు బాగుపడేకొద్దీ తల్లుల్ని లోపల ఉంచడం సులువవుతుంది. ఇది ఊహ కాదు. 2020లో ఢిల్లీ అల్లర్ల కేసులో అరెస్టయిన ఒక పరిశోధక విద్యార్థిని గర్భిణి, బెయిల్ అడిగింది. పోలీసులు వ్యతిరేకిస్తూ కోర్టుకు చెప్పిన కారణాల్లో ఒకటి ఇది: గత పదేళ్లలో ఢిల్లీ జైళ్లలో 39 ప్రసవాలు జరిగాయి, కాబట్టి ఈమె గర్భం ప్రత్యేకమేమీ కాదు. ఆ తర్వాత ప్రభుత్వం అభ్యంతరం చెప్పకపోవడంతో జూన్‌లో హైకోర్టు మానవతా దృష్టితో బెయిల్ ఇచ్చింది, అది వేరే సంగతి. కానీ ఆ వాదన ఎటు నుంచి ఎటు నడిచిందో చూడండి. జైల్లో గర్భిణికి రక్షణ ఉండాలని కోర్టు చెప్పింది, ఆ రక్షణ ఉందన్న మాటనే చివరికి ఆమెను జైల్లోనే ఉంచడానికి సాకుగా తెచ్చారు. అందువల్ల సాయం చేసే సంస్థలకైనా, వసతుల కోసం పోరాడే లాయర్లకైనా రెండు పనులూ ఒకేసారి చెయ్యక తప్పదు: లోపలున్న ఊయల బాగుచెయ్యాలి, ఆ ఊయల ఉందని చెప్పి ఎవరినీ లోపలికి పంపనివ్వకూడదు. మొదటిదే చేసి చేతులు కడుక్కుంటే, ఎంత మంచి మనసుతో చేసినా, జైలుకు మంచి పేరు తెచ్చిపెట్టడం తప్ప మిగిలేది లేదు.

ఇంగ్లండు అనుభవం చూసినా అంతే. అక్కడ తల్లీబిడ్డల యూనిట్లు ఉన్నాయి, రూల్సు ఉన్నాయి, డబ్బుంది. అయినా 2019 సెప్టెంబరులో బ్రాంజ్‌ఫీల్డ్ జైల్లో రిమాండులో ఉన్న 18 ఏళ్ల అమ్మాయి రాత్రిపూట తన గదిలో ఒంటరిగా ప్రసవించింది. నర్సు కావాలని రెండుసార్లు బెల్లు నొక్కింది, ఎవరూ రాలేదు. బిడ్డ దక్కలేదు. తాళం వేసిన గదికీ ఆసుపత్రికీ మధ్య ఎప్పుడూ ఇంకొక మనిషి నిర్ణయం ఉంటుంది, ఎంత మంచి జైలైనా ఆ మనిషిని తీసెయ్యలేదు.

కాబట్టి నైతిక ప్రశ్న జైలు గేటు లోపల కాదు, కోర్టు హాల్లో మొదలవ్వాలి. మామూలు కేసుల్లో ఆడవాళ్లకు బెయిల్ విషయంలో వెసులుబాటు మన చట్టంలో ఎప్పటినుంచో ఉంది, నేర విచారణ ఎలా జరగాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీ 437వ సెక్షన్‌లోనూ, దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 480వ సెక్షన్‌లోనూ. మనీ లాండరింగ్ చట్టంలో సైతం, అంత గట్టి బెయిల్ షరతుల మధ్య, ఆడవాళ్లకు మినహాయింపు రాసి పెట్టారు. 2024 ఆగస్టులో కల్వకుంట్ల కవితకు సుప్రీంకోర్టు బెయిల్ ఇచ్చినప్పుడు ఆ మినహాయింపు గురించే గట్టిగా మాట్లాడింది. గంజాయి కేసులకు వర్తించే ఎన్‌డీపీఎస్ చట్టం 37వ సెక్షన్‌లో మాత్రం అలాంటి మాట లేదు. ఇరవై కిలోలు దాటితే అది 'కమర్షియల్ క్వాంటిటీ', బెయిల్ రావాలంటే ఈమె నిర్దోషి అని నమ్మడానికి కారణాలున్నాయని జడ్జికి అనిపించాలి. ఆంధ్ర ఒడిశా సరిహద్దు ఏజెన్సీ నుంచి కూలికి సంచి మోసి రైల్లో దొరికిపోయే ఆడవాళ్లు పడేది ఈ సెక్షన్ కిందే. కోట్లు దారి మళ్లించిందన్న ఆరోపణ ఉన్నామెకు ఉన్న వెసులుబాటు, ఎవరి సంచో మోసిందన్న ఆరోపణ ఉన్న చంటిబిడ్డ తల్లికి లేకపోవడం ఏ లెక్కన న్యాయమో చట్టం రాసినవాళ్లే చెప్పాలి. దారి బొత్తిగా లేదని కాదు. 2024 నవంబరులో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచ్ ఎన్‌డీపీఎస్ కేసులోని ఒక గర్భిణికి పురుడు బయట పోసుకోవడానికి ఆరు నెలల బెయిల్ ఇచ్చింది, జైలు వాతావరణంలో ప్రసవం తల్లి మీదే కాదు బిడ్డ మీద కూడా ప్రభావం చూపుతుందని చెప్పింది. కానీ అది ఆ జడ్జి విచక్షణ, ఆ లాయరు ఓపిక. హక్కు కాదు.

బెయిల్ వచ్చినా బయటికి రాలేనివాళ్లు ఇంకో రకం. ష్యూరిటీ ఇచ్చేవాడు లేక, పాతికవేలు పుట్టక నెలల తరబడి ఉండిపోతారు. ఇలాంటివాళ్ల కోసమే కేంద్రం 2023లో పేద ఖైదీల సాయం పథకం తెచ్చింది, విచారణ ఖైదీకి 40,000 రూపాయల దాకా పూచీకత్తు సొమ్ము కడతామని అప్పటి నిబంధనల్లో రాశారు. బిడ్డతో ఉన్న తల్లికి ఊయల కంటే, బొమ్మల కంటే ముందు కావాల్సిన సాయం ఇదే. మళ్లీ ఇందులోనూ ఎన్‌డీపీఎస్ కేసులవాళ్లను పక్కన పెట్టారు.

ఈ విషయం మీద దేశం ఎప్పుడు మాట్లాడుతుందో కూడా చూడాలి. 2024 ఫిబ్రవరిలో పశ్చిమ బెంగాల్ జైళ్లలో ఆడవాళ్లు గర్భవతులవుతున్నారని, 196 మంది పిల్లలు జైళ్లలో ఉన్నారని కలకత్తా హైకోర్టు ముందుకు ఒక నివేదిక వచ్చింది. టీవీల్లో రెండు రోజులు ఒకటే హోరు, అందరి అనుమానం ఒకటే, లోపల ఏం జరుగుతోంది అని. తర్వాత సుప్రీంకోర్టుకు అందిన వివరాల్లో తేలింది ఏంటంటే నాలుగేళ్లలో 62 మంది పిల్లలు పుట్టారు, ఎక్కువమంది తల్లులు జైలుకొచ్చేటప్పటికే గర్భిణులు, కొందరు పెరోల్ మీద ఇంటికెళ్లి వచ్చినవాళ్లు. ఆ మాట వినగానే హోరు ఆగిపోయింది. అసలు అప్పుడే అడగాల్సిన ప్రశ్న మొదలైంది: గర్భిణి అని తెలిసి ఇంతమందిని జైలుకు ఎందుకు పంపారు? దాన్ని అడగడానికి మాత్రం ఏ స్టూడియోలోనూ ఎవరూ కూర్చోలేదు.

యశోద దగ్గరికి వద్దాం. 'బిడ్డను అమ్మమ్మకో నానమ్మకో ఇచ్చెయ్యొచ్చు కదా' అని తేలిగ్గా అంటాం. తల్లి మీదున్న కేసు భర్త హత్య అయితే బిడ్డ నానమ్మ ఆ కేసులో సాక్షి. ఆమెకు మనవడు కావాలి, కోడలు ఉరికంబం ఎక్కాలి. ఆమె ఇంట్లో పెరిగే పిల్లాడు తల్లి గురించి రోజూ ఏం వింటాడు? వరకట్న చావు కేసైతే భర్త, అత్త, ఆడపడుచు ఒకే రోజు రిమాండుకు పోతారు, ఆ ఆడపడుచు ఒళ్లో పాలుతాగే పిల్ల ఉంటే పట్టుకోవడానికి ఇంట్లో మనిషే మిగలరు. పుట్టింటివాళ్లు పరువు పోయిందని గుమ్మం తొక్కనివ్వని కేసులు వేరే. పోనీ బిడ్డను తీసుకున్నవాళ్లుంటే వాళ్లకు ప్రభుత్వం ఇచ్చేదేంటి? లోపలున్న బిడ్డకు తీర్పు ఉంది, రూల్సు ఉన్నాయి, ఏటా అచ్చయ్యే లెక్క ఉంది. అదే తల్లికి బయట మిగిలిన ఎనిమిదేళ్ల పెద్దకూతురు ఆ లెక్కలో లేదు. చిన్నది తల్లి దగ్గర, పెద్దది ఎవరి దగ్గరో. సాయం అంటే లోపలున్న పసివాళ్లే కళ్లముందు మెదులుతారు, ఫొటోలో వాళ్లే బాగుంటారు కాబట్టి.

దక్షిణాఫ్రికా ఈ ముడిని ఇంకో వైపు నుంచి విప్పింది. 1994లో మండేలా అధ్యక్షుడు కాగానే పన్నెండేళ్లలోపు పిల్లలున్న తల్లులకు మిగిలిన శిక్ష మాఫీ చేశాడు. ఒక తండ్రి కోర్టుకెళ్లాడు, నాకూ పన్నెండేళ్లలోపు కొడుకున్నాడు, తండ్రులకెందుకు లేదు అని. న్యాయమైన ప్రశ్నే. పిల్లల్ని పెంచే భారం నిజంగా ఎవరి మీద ఉందో చూసి అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 1997లో మాఫీని నిలబెట్టింది. 2007లో అదే కోర్టు ముందుకు ముగ్గురు మగపిల్లల తల్లి కేసు వచ్చింది, క్రెడిట్ కార్డుల మోసం. పిల్లల్ని పెంచే మనిషికి శిక్ష వేసేటప్పుడు ఆ పిల్లల మంచిని విడిగా తూకం వెయ్యాలని, వాళ్లు తల్లికి బొడ్డుతాడుతో కట్టేసి ఆమెతో పాటు మునగాల్సినవాళ్లు కాదని కోర్టు చెప్పి, జైలు బదులు బయటే పర్యవేక్షణలో శిక్ష పెట్టింది. బ్రెజిల్ సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో ఇంకా ముందుకెళ్లింది. విచారణలో ఉన్న గర్భిణులు, పన్నెండేళ్లలోపు పిల్లల తల్లులు అందరికీ ఒకేసారి గృహ నిర్బంధం, హింసాత్మక నేరాలు, సొంత పిల్లల మీద చేసిన నేరాలు మినహా. ఒక్కొక్కరూ లాయరును పట్టుకుని వేడుకోనక్కర్లేదు. ఐక్యరాజ్య సమితి 2010లో ఆమోదించిన బ్యాంకాక్ రూల్స్ చెప్పేదీ ఇదే, గర్భిణులకు, చిన్నపిల్లల తల్లులకు జైలు కాని శిక్షనే ముందు చూడాలని. మనం ఆ రూల్స్‌కు సరే అన్నాం గానీ చట్టంలోకి ఎత్తుకోలేదు.

ఇక సాయం చేసేవాళ్ల సంగతి. తీహార్ జైలుకు కిరణ్ బేడీ పెద్ద అధికారిగా ఉన్న రోజుల నుంచి, 1994లో ఆమె పెట్టిన సంస్థ దగ్గర నుంచి, జైలు క్రెష్‌ల వెనక స్వచ్ఛంద సంస్థల చెయ్యి ఉంటూనే ఉంది, వాళ్లు లేకపోతే చాలా చోట్ల పలక కూడా ఉండదు. అయితే జైల్లో ఉన్న తల్లి 'వద్దు' అనగలిగే స్థితిలో ఉండదు, అక్కడే వచ్చేవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. సూపరింటెండెంటు పక్కన నిలబడి 'ఫొటో తీసుకుంటామమ్మా' అంటే ఆమె తల ఊపడం ఒప్పుకోవడం కాదు. బిడ్డ మొహం పేపర్లో పడితే కోర్టు జనన పత్రంలోంచి తీసేసిన జైలు ఇంటర్నెట్లోకి వచ్చి కూర్చుంటుంది. కేకు కోయించడం, ఒక రోజు బొమ్మలు పంచి వెళ్లిపోవడం కంటే ఆమెనే అడగడం మేలు, నీకేం కావాలమ్మా అని. ఆమె అడిగేది బొమ్మ కాకపోవచ్చు. లాయరు ఫోన్ ఎత్తట్లేదు, వాయిదా ఎప్పుడో కనుక్కోండి అనొచ్చు. ఊళ్లో ఉన్న పెద్దపిల్ల బడికి పోతోందో లేదో చూసి రమ్మనొచ్చు.

చివరికి ఆరేళ్లు నిండుతాయి. బిడ్డను తల్లి కోరిన బంధువులకో, లేదంటే ప్రభుత్వ హోంకో ఇవ్వాలి, హోంలో ఉన్న బిడ్డ వారానికి ఒక్కసారైనా తల్లిని చూడాలి, ఇదీ 2006 తీర్పులోనిదే. తల్లి రాజమహేంద్రవరం మహిళా జైల్లో, బిడ్డ సొంత జిల్లా శ్రీకాకుళం హోంలో ఉన్నారనుకుందాం. తోడు రావడానికి ఒక ఆయమ్మ, రానూపోనూ ఇద్దరికి బస్సు, దారిలో టిఫిను, ఒక రోజు బడి పోవడం. ములాఖత్ టైముకు బస్సు అందకపోతే మళ్లీ వారం. కోర్టు వారానికి ఒకసారి అంది, ఆ బస్సు ఛార్జీ హోం పద్దులో రాయాలా, జైలు పద్దులో రాయాలా అన్నది చెప్పలేదు, రెండు ఆఫీసుల మధ్య ఆ ఫైలు తిరుగుతుంటే వారం నెలవుతుంది, నెల దసరా సెలవులవుతుంది. ఈ పిల్లల కోసం ఏదైనా చెయ్యాలనుకునేవాళ్లు ఆ పద్దు ఎవరిదో తేల్చి, ఏటా బడ్జెట్లో ఆ కాస్త డబ్బు పెట్టించగలిగితే చాలా పని జరిగినట్టే.